రెల్లుకప్పు క్రింద రాజనగరము

దక్షిణామెరికా ఖండమున స్పెయిను చక్రవర్తుల పేర దాదాపు మూడువందల యేండ్లు ప్రభుత్వము నెరపిన రాజప్రతినిధులకు నివాసమై, పొతోసి కొండ కడుపున పుట్టిన వెండి తన వాకిటినుండి ఓడలకెక్కుటచే ఐశ్వర్యమునకు మారుపేరై, పడమటి సముద్రతీరమందలి రేవులపై పెత్తనము చేసిన లిమానగరమును దర్శింపబోవు యాత్రికునకు అచ్చటి దేవాలయముల శిల్పద్వారములును, ప్రభువుల మేడలును, ప్రదర్శనశాలలును కన్నులపండువు చేయుననుటలో సందేహము లేదు. అయినను ఈ కట్టడములు దేనిపై నిలిచియున్నవి, ఎవరి చేతిపనివలన నేటికిని కూలక నిలిచినవి అను ప్రశ్నను మనసున నిడుకొని తిరిగినవానికి ఈ నగరము వేఱొక చరిత్రను వినిపించును. ఆ చరిత్రయందు రాజులకంటె రెల్లునకు, సేనానులకంటె బురద తొక్కిన పనివారికి పెద్దపీట. నేను చెప్పబూనినది ఆ కథయే.

1535 జనవరి 18వ తేదీన ఫ్రాన్సిస్కో పిజారో ఈ పట్టణమును స్థాపించెను. ఇంకా చక్రవర్తుల రాజధానియైన కూస్కో కొండలనడుమ, సముద్రమునకు మిక్కిలి దూరమున నున్నది. ఓడలపై వచ్చినవారికి ఓడలకు చేరువైన రాజధాని కావలసివచ్చెను. అందుచే రీమాక్ నది యొడ్డున, తావ్లిచూస్కో అను స్థానిక నాయకుని యేలుబడిలో, పూర్వులు త్రవ్విన కాలువలచే తడియుచు పంటచేలతో పచ్చగా నున్న లోయను పిజారో యెన్నుకొని, బాలయేసును దర్శింపవచ్చిన ముగ్గురు రాజుల పండుగ ఆ దినములలోనిదే యగుటచే దీనికి రాజనగరమని నామకరణము చేసెను. నిలువు వీథులును అడ్డు వీథులును సరిగా గీచి 117 గళ్ళుగా విభజించిన ఆ పటము నేటికిని చెదరలేదు. నడిమి చౌకమున నొకవైపు ప్రభుత్వము, ఒకవైపు ప్రధాన దేవాలయము, ఒకవైపు పురపాలక భవనము. నడుమ 1651లో నెలకొల్పిన కంచు జలయంత్రము. తావ్లిచూస్కో నివసించిన చోటనే పిజారో తన యిల్లు కట్టుకొనెను. పెరూ అధ్యక్షుని భవనము నేడున్న స్థలము కూడ నదియే.

ఈ లోయలో వాన కురియదనుట అతిశయోక్తి గాదు. జూను మొదలు కొన్ని నెలలపాటు సముద్రముమీదినుండి మంచుతెర కమ్మివచ్చి, గరూవా యను సన్నని తుంపర గుడ్డలను చెమ్మగిలజేయునే గాని చూరులు కారవు. ఆ నెలల ఆకాశమును లిమావాసులు గాడిదపొట్ట రంగు ఆకాశమందురు. వానభయము లేనిచోట మట్టితో కట్టిన గోడ శతాబ్దములు నిలువగలదు. ఎండిన మట్టిని పైకప్పుగా వేసినను కరగిపోదు. కాని పైనుండి రాని ఉపద్రవము ఈ నేలకు క్రిందినుండి వచ్చును. తీరమునకు చేరువలోనే సముద్రగర్భమున నాజ్కా ఫలకము ఖండఫలకము క్రిందికి దూరుచుండుటచే ఇచ్చటి భూమికి నిలుకడ లేదు. కస్తీలు దేశపు కొండలలో రాతికోటలు కట్టుట నేర్చినవారు ఆ విద్యనే ఇచ్చట ప్రయోగించిరి. ఇటుకయు సున్నమును రాయియు చేర్చి కమానులు తీర్చిరి, గోపురములు లేపిరి. అవి కూలినవి. మరల లేపిరి. మరల కూలినవి.

ఆ వినాశములన్నిటిలో 1746 అక్టోబరు 28 రాత్రి పదిన్నర గంటల వేళ సంభవించినది ఘోరతమము. ఆనాటి వృత్తాంతముల ప్రకారము నగరమందలి సుమారు 3,000 ఇండ్లలో చెక్కుచెదరక నిలిచినవి 25. మరికొంతసేపటికి సముద్రము లేచి, రేవుపట్టణమైన కయావోను కోటగోడలతో సహా తుడిచివేసెను. అచ్చటి దాదాపు 5,000 మంది జనులలో ప్రాణములతో బయటపడినవారు సుమారు 200 మంది. భూమి యాకృతిని కొలుచుటకై పది సంవత్సరములకు పూర్వము ఫ్రాన్సునుండి భూమధ్యరేఖా ప్రాంతమునకు వచ్చిన పండితబృందపు నాయకుడు లూయీ గొదేన్ అప్పుడు లిమాయందలి సాన్ మార్కోస్ విద్యాపీఠమున గణితాచార్యుడు. 1551లో నెలకొన్న ఆ విద్యాపీఠము నేటికిని నడచుచున్నది. రాజప్రతినిధి మాన్సో దె వెలాస్కో ఆయనను పిలిపించి పునర్నిర్మాణమునకు ప్రణాళిక యడిగెను. వీథులు వెడల్పు చేయవలెననియు, మేడలెత్తు తగ్గింపవలెననియు, రాతికమానులు మానవలెననియు గొదేన్ చెప్పగా, మేడల యజమానులు తమ గౌరవమునకు భంగము కలుగునని గగ్గోలు పెట్టిరి. చిట్టచివరకు కుదిరిన రాజీ యేమనగా, పైయంతస్తులు ఉండవచ్చును. కాని అవి ఇటుకతో గాక కించాతో కట్టవలెను.

కించా యనునది స్పానిషువారు రాకముందే ఆ తీరవాసులకు తరతరములుగా తెలిసిన విద్య. కలప గుంజలు నాటి, వాటినడుమ రెల్లుబద్దలను అడ్డముగా నల్లి, అల్లికపై గడ్డిపోచలు కలిపిన బురదను మెత్తి, ఆరిన పిదప సున్నపుపూత పూయుదురు. మన పల్లెటూళ్ళ తడికగోడ నెఱిగినవానికి ఇంతకంటె వివరము అక్కరలేదు. నేల కదలినపుడు ఇటుకగోడ బిగుసుకొని నిలువబోయి పగులును. కించాగోడ ఊగును, పూత రాలును, మట్టి చిట్లును, లోని అల్లిక మాత్రము వంగి మరల సర్దుకొనును. బరువు తక్కువ గావున కూలినను మనిషిని చంపుట యరుదు. గుడిసెకు మాత్రమే తగినదని ప్రభువులు చిన్నచూపు చూచిన ఈ పనితనమును దేవాలయపు పైకప్పునకు కొనిపోవుటకు గొప్ప ధైర్యము కావలెను. ఆ ధైర్యమును మొదట చూపినవారిలో ముఖ్యుడు పోర్చుగీసు స్థపతి కోన్‌స్తాన్తీనో దె వాస్కోన్సేలోస్. చూపిన చోటు సాన్ ఫ్రాన్సిస్కో మఠము.

1656లో పాతగుడి కూలిన పిదప ఆ మఠపు దేవాలయమును క్రొత్తగా కట్టుచు ఆయన నడిమి హజారముపై కమానుకప్పును రాతితో గాక కలపయు రెల్లును మట్టియు చేర్చి తీర్చెను. 1672లో ఆ గుడి ప్రతిష్ఠితమయ్యెను. అటుపిమ్మట 1687 భూకంపము వచ్చెను, 1746 భూకంపము వచ్చెను; సాన్ ఫ్రాన్సిస్కో గాయపడెనేగాని నేలకూలలేదు. క్రిందనుండి తలయెత్తి చూచువానికి ఆ కప్పు చెక్కిన శిలవలె భ్రాంతి గొల్పును. తెలుపు, ఎఱుపు వన్నెలలో రేఖాగణితపు అల్లికలు పఱచిన ఆ వంపుల వెనుక రెల్లున్నదని తెలిసిన పిదప, ఆ చిత్రములకంటె వాటిని మోయుచున్న దానిపైననే నా చూపు నిలిచినది.

ఈ మఠమునందు చూడదగినవి ఇంకను కలవు. నడవాగోడలకు సెవిల్యానుండి ఓడలపై తెచ్చిన నీలి, పసుపు వన్నెల పలకలు పొదిగిరి. ఇరువదియైదువేల గ్రంథములున్న పుస్తకశాలలో చుట్లు తిరిగిన చెక్కమెట్ల క్రింద, గాజుకప్పునుండి పడు వెలుతురులో తోలుబైండు పుస్తకములు వరుసదీరియున్నవి. భోజనశాలలో డీగో దె లా పుయెంతె యను జెస్విటు చిత్రకారుని కడపటి విందు చిత్రము కలదు; అందు యేసునకును శిష్యులకును వడ్డించినది యెరూషలేము వంట గాదు, కొండవాసులు ప్రీతితో తిను కూయ్ అను చిన్నజంతువు మాంసము. చిత్రకారుడు యూరపునుండి వచ్చినవాడు. బల్లమీది కూడు మాత్రము పెరూ దేశముది. గుడిక్రింద నేలమాళిగలున్నవి, 1808లో నగరము వెలుపల శ్మశానము తెఱచువఱకు లిమా ప్రజలను ఇచ్చటనే పూడ్చుచుండిరి. ఇరువదియైదువేల మంది యెముకలు అందున్నవని యంచనా. 1943లో ఈ మాళిగలు మరల వెలుగుచూచిన పిదప పరిశోధకులు తొడయెముకలను, పుఱ్ఱెలను వేఱుచేసి, ఒక లోతైన బావిలో వలయములుగా పేర్చిరి. జనులు దానిని చూచి వింతపడుచుందురు. మృతులను ముగ్గువలె పేర్చుట నా మనసునకు సరిపడలేదు.

చౌకమున ఎత్తైన ప్రధాన దేవాలయముది మఱియొక రీతి. 1746 తర్వాత దానిని పునరుద్ధరించినవాడు ప్రాహా నగరమున పుట్టిన హువాన్ రేర్ అను జెస్విటు గణితజ్ఞుడు. రాతికంబములని మనము మోసపోవు స్తంభములకు ఆయన కలపను నిలిపి, కప్పును రెల్లుతో నల్లించెను. ద్వారమున ప్రవేశించిన వెంటనే కుడిచేతి వైపు చిన్నగుడిలో పిజారో అస్థికలున్నవి. 1541 జూన్ 26న తన పూర్వసహచరుడైన ఆల్మాగ్రో పక్షమువారి కత్తులకు ఆయన బలియయ్యెను. 1891లో ఒక ఎండిన శవమును తెచ్చి, ఇదియే పిజారో దేహమని గాజుపెట్టెలో నుంచిరి. దాదాపు తొంబది యేండ్లు జనులు దానికే నమస్కరించిరి. 1977లో నేలయఱలో మరమ్మతు చేయు పనివారికి ఒక సీసపు పెట్టె దొరికెను. దానిమీది శాసనము లోని పుఱ్ఱె పిజారోదని చెప్పుచుండెను. వైద్యులు పరీక్షించి, కత్తిగాట్లను చూచి అది నిజమని తేల్చిన పిదప గాజుపెట్టెలోని అపరిచితుని తొలగించిరి. నగరస్థాపకుని నిజమైన అవశేషములను వెలికి తెచ్చినది చరిత్రకారుల వాదప్రతివాదములు గావు, పనివారి పలుగుపార.

తోర్రె తాగ్లె మందిరమును 1735లో రాజనౌకాదళపు కోశాధికారి యొకడు కట్టించెను. నేడందు విదేశాంగ శాఖ యున్నది. వీథివైపు పొడుచుకొనివచ్చిన రెండు కొయ్య వసారాలు దానికి శిరోభూషణములు. మధ్యామెరికానుండి తెచ్చిన దేవదారు, మహాగని చెక్కలపై అరబ్బీ దేశములనుండి అందలూసియాకు, అచ్చటినుండి ఇచ్చటికి వచ్చిన జాలీపని చెక్కిరి. లోపలివారు వీథిని చూడగలరు. వీథివారికి లోపలివారు కానరారు. క్రింద వీథిలో నడచు లిమా స్త్రీలు కూడ ఒక కన్ను తప్ప ముఖమెల్ల ముసుగున దాచుకొనుచుండిరి. రాజాజ్ఞలు ఎన్ని వచ్చినను వారా ముసుగు మానలేదు. ఈ వసారాలు కొయ్యవి యగుటచే తేలికయై భూకంపములను తట్టుకొన్నవి, కాని చెదలును, ఉదాసీనతయు వాటిని తినివేసినవి. 1990లలో పురపాలకసంఘము ఒక్కొక్క వసారాను ఒక్కొక్క దాతకు దత్తతనిచ్చు పథకము పెట్టి కొన్నింటిని కాపాడగలిగెను. వెనుక వీథులలో పైపూత రాలి, అల్లిక బయటపడి, కఱ్ఱల ఊతముపై నిలిచిన మేడలు నేటికిని చాల కలవు. వాటిలో పేదలు అద్దెకుందురు. యాత్రికులకు చూపు వీథి మెరయుచుండగా ప్రక్కవీథి క్రుంగుచుండుట బాధాకరము.

ఈ నగరమునకు మిక్కిలి ప్రియమైన చిత్రము ఏ ప్రభువు గోడపైనను లేదు. 1651లో పచకమీయా యను పేటలో, నల్లజాతి బానిసల సమాజమందిరపు పచ్చియిటుకల గోడపై, అంగోలానుండి బంధించి తేబడిన ఒక బానిస శిలువపై క్రీస్తును చిత్రించెను. 1655 భూకంపమున చుట్టునున్న గోడలు పడినవి, ఆ గోడ నిలిచినది. జనులచ్చట గుమికూడి పాటలు పాడుచున్నారని అధికారులు 1671లో చిత్రమును చెరిపింపజూచిరి, కొనసాగలేదు. 1687లోను, 1746లోను గోడ నిలిచినది. నేడది నసరేనాస్ దేవాలయమున ప్రధానవేదికయై యున్నది. ఏటేట అక్టోబరులో దాని ప్రతిరూపమును వెండిపల్లకిపై నుంచి ఊరేగింతురు. ఊదారంగు వస్త్రములు ధరించిన పురుషులు దళములుగా చేరి భుజములు మార్చుకొనుచు మోయగా, స్త్రీలు ధూపకలశములు పట్టి పల్లకికి అభిముఖముగా వెనుకకు నడతురు. వీథి పొడవునను సోంపు వాసనతో, రంగురంగుల పంచదార పలుకులు చల్లిన తుర్రోన్ మిఠాయి అమ్ముదురు. చిత్రించినవాని పేరును రాజ్యము వ్రాసియుంచలేదు. రాజప్రతినిధుల పేర్లన్నియు వ్రాసియున్నవి. వారిలో ఒక్కనికైన ఇట్టి ఉత్సవము లేదు.

1570లో నెలకొని 1820లో అంతరించిన మతవిచారణ న్యాయస్థానపు భవనమును గూర్చి నేను విస్తరింపను. అచ్చటి చెక్కడపుపని కప్పు అద్భుతము, దానిక్రింద జరిగినది అందుకు తగినది గాదు. జాతీయ గ్రంథాలయపు కథ చెప్పక మానరాదు. 1821లో దేశము స్వతంత్రమైన నెలరోజులకే స్వాతంత్ర్యసేనాని సాన్ మార్తిన్ దానిని స్థాపించెను. 1881లో చిలీ సేనలు నగరమును పట్టి దానిని కొల్లగొట్టగా, రచయిత రికార్దో పాల్మా దేశదేశముల ప్రభువులకు, పండితులకు ఉత్తరములు వ్రాసి పుస్తకములు భిక్షమడిగి తిరిగి నింపెను. 1943 మేలో అది అగ్నికాహుతియయ్యెను. చరిత్రకారుడు హోర్హె బసాద్రె మరల నిలిపెను. కొల్లపోయినవానిలో 3,788 సంపుటములను చిలీ 2007లో తిరిగి యిచ్చెను.

పాతనగరము విడిచి ప్వెబ్లో లీబ్రె పేటకు పోయినచో లార్కో ప్రదర్శనశాల కలదు. తెల్లని గోడలపై ఎఱ్ఱని, ఊదా కాగితపుపూల తీగలు విరగబూచిన ఈ పదునెనిమిదవ శతాబ్దపు మేడ ఏడవ శతాబ్దపు మట్టిపిరమిడుపై కట్టినది. రఫాయెల్ లార్కో ఓయ్లె 1926లో ఉత్తరతీరమున తన కుటుంబపు ఎస్టేటులో ప్రారంభించిన సేకరణ తరువాత ఇచ్చటికి తరలివచ్చెను. దీనికొక విశిష్టత కలదు. ఏ ప్రదర్శనశాలయైనను మేలైన పది వస్తువులను ముందుంచి, మిగిలినవానిని చీకటిగదిలో తాళము వేయును. ఇచ్చట ఆ గది తలుపులే తెఱచియుంచిరి. నేలనుండి కప్పువఱకు అద్దపు బీరువాలలో వేలకొలది కుండలు: కప్పలొకచోట, గుడ్లగూబలొకచోట, మొక్కజొన్న కంకులొకచోట, రోగులొకచోట, నిద్రించువారొకచోట.

అందు నన్ను చిరకాలము నిలిపినవి మోచే జాతివారి ముఖపాత్రలు. క్రీస్తుశకపు తొలి శతాబ్దములనుండి ఎనిమిదవ శతాబ్దమువఱకు ఉత్తరతీరమున వర్ధిల్లిన ఈ జాతివారికి లిపి లేదు, కుమ్మరిసారె లేదు. రెండు సగములుగా అచ్చుపోసి అతికి, ఎఱుపు, మీగడ వన్నెల మట్టిపూతతో వారు తీర్చిన ప్రతిపాత్రయు ఒక మనిషి తల. నడినెత్తినుండి రెండు గొట్టములు వంపు తిరిగి కలసి ఒక్క మూతియై పైకి లేచును. ఒకని పైపెదవి యెడమవైపున గాటు కలదు. పరిశోధకుడు క్రిస్టఫర్ డొనన్ దేశదేశముల సేకరణలలోని ఆ గాటును వెదకి, ఒకే వ్యక్తిని బాల్యమునుండి ముప్పది దాటిన ప్రాయమువఱకు వేర్వేఱు పాత్రలలో గుర్తించెను. బాలుని బుగ్గ నిండుగా నుండును. యౌవనమున దవడ గట్టిపడును. కనుబొమలనడుమ అధికారము చేరును. గాటు మాత్రము మారదు. పిజారో దేహమని తొంబది యేండ్లు ఎవరినో చూపిన నగరమున, పేరు సైతము తెలియని ఈ మోచే ప్రభువును వేయియేండ్లకు పైబడిన పిదప ముఖము చూచి ఆనవాలు పట్టగలుగుచున్నాము.

మీరాఫ్లోరెస్ పేటలో, బహుళాంతస్తుల భవనములనడుమ, వాకా పుక్యానా యను మట్టిపిరమిడు ఇరువది మీటర్లకు మించిన యెత్తున లేచియున్నది. క్రీ.శ. 200 నుండి 700 వఱకు ఈ లోయలో నివసించినవారు కట్టినది. ఇండ్లస్థలములకై ఇరువదవ శతాబ్దమున దాని అంచులను చాల భాగము నరికివేసిరి. 1981నుండి పురావస్తుశాఖవారు మిగిలినదానిని శ్రద్ధతో త్రవ్వి కాపాడుచున్నారు. దగ్గరకు పోయి గోడను పరికింపవలెను. చేతితో చేసిన చిన్న పచ్చియిటుకలను పడుకోబెట్టలేదు. బీరువాలో పుస్తకములవలె నిలువుగా, ఒకదానికొకటి కొద్ది యెడముంచి నిలిపిరి. ఒక్కొక్క గోడభాగము క్రింద వెడల్పుగా, పైన ఇఱుకుగా నుండును. నేల కదలినపుడు ఇటుకలు ఆ యెడములలో అటునిటు మెదలి తాకిడిని తమలోనే అణచుకొనును. పదునాలుగువందల యేండ్లుగా ఆ గోడలు నిలిచియున్నవి. గొదేన్ వచ్చి చెప్పుటకు వేయియేండ్లు ముందే ఈ లోయవారికి భూమి సంగతి తెలియును. వారిని అడిగినవారు లేరు.

పిజారో అశ్వారూఢ విగ్రహమును గూర్చి లిమాలో నేటికిని వాదము నడచుచున్నది. 1935లో దేవాలయము ముందు నిలిపిన ఆ కంచువిగ్రహమును 1952లో ప్రక్కకు జరిపిరి. 2003లో చౌకమునుండియే తొలగించి, పాతకోటగోడ యొద్ద ఉద్యానమునకు పంపిరి. 2025 జనవరిలో, నగరమునకు 490 సంవత్సరములు నిండిన సందర్భమున, తిరిగి చౌకము సమీపమునకు తెచ్చిరి. విగ్రహమునకు స్థలము వెదకుటలో ఇంత శక్తి వ్యయమగుచుండగా, దానికి కూతవేటు దూరమున అధ్యక్ష భవనపు ప్రక్కవీథి మూలమీద పందొమ్మిదవ శతాబ్దపు ఓతెల్ కొమేర్సియో అను మూడంతస్తుల కట్టడమున్నది. దాని క్రిందియంతస్తు పచ్చియిటుక, పైరెండును కించా. క్రింద 1905నుండి నడచుచున్న కొర్దానో ఫలహారశాల. గెట్టీ సంరక్షణ సంస్థవారును, పెరూ కాథలిక్ విశ్వవిద్యాలయపు ఇంజనీర్లును ఈ కట్టడమును మాదిరిగా నెన్నుకొని, ఇట్టి రెల్లుచట్రములను ప్రయోగశాలలో నిలిపి, యంత్రముతో ప్రక్కకు నెట్టి, ఏ ముడి ఎంత వంగును, ఏ గుంజ ఎచ్చట విఱుగును అని కొలిచిరి. లిమాకు పోవువారు కొర్దానోలో కాఫీ త్రాగునపుడు తలయెత్తి పైయంతస్తుల నొకసారి చూచి, అటుపిమ్మట సాన్ ఫ్రాన్సిస్కోకు పోవుట మంచిది. అచ్చటి కప్పు అప్పుడు బాగుగా అర్థమగును.